తగిలించని వైరు

దొరసానికి,

ముందు నీ తమ్ముడి మీద ఒక ఫిర్యాదు. టూత్‌పేస్టు ట్యూబుని మధ్యలో నొక్కుతున్నాడు. నేను అడుగు నుంచి మడుచుకుంటూ, ఇస్త్రీ చేసినట్టు చదును చేసుకుంటూ వస్తుంటే, వీడొచ్చి దాని నడుము పట్టుకుని పిసుకుతాడు. మూత కూడా పెట్టడు. పొద్దున్నే లేచి ఆ ట్యూబు మొహం చూస్తే ఆ రోజు ఇంకెవరి మొహమూ చూడబుద్ధి కాదు. మీ అమ్మ నేర్పలేదు, నువ్వు నేర్పలేదు. పళ్లు ఊడిపోయిన ఈ వయసులో నేను నేర్పాలి కాబోలు.

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరం ఏంటి, ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేశాను కదమ్మా. నేను "వాడు" అనేసరికి నువ్వు "వాడి సంగతి నాకు తెలుసు తాతయ్యా" అని మిగతా వాక్యం నువ్వే చెప్పేస్తావు. నీతో ఫోన్లో మాట్లాడటమంటే నా గొంతు నువ్వే వాడుకున్నట్టు ఉంటుంది. కాగితం మీద అయితే నాకు అడ్డం రాలేవు. మా మెట్ల కింద టీవీలు బాగుచేసే అతను రోజూ మీ ఫోటో ఫ్రేముల షాపు ముందు నుంచే ఇంటికి పోతాడు. ఇక నుంచి అతనే మనకి పోస్ట్‌మాన్.

"వాడు తింటున్నాడా, పడుకుంటున్నాడా, ఏం చేస్తున్నాడు" అని అడిగావు. తింటున్నాడు, నా వాటా కూడా. పడుకుంటున్నాడు, నా మంచం మీద. నేను కుర్చీలో. ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. "ఏంట్రా బుడ్డోడా, ఇల్లు మారుతున్నావా" అంటే "కొన్నాళ్లు ఉంటాను తాతా" అన్నాడు. కారణం అడిగితే అట్టపెట్టె విప్పాడు. మీరిద్దరూ చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆ వీడియో గేమ్ పెట్టె, దాని రిమోట్లు, దాని క్యాసెట్లన్నీ. గడ్డం వచ్చిన మగాడు, ఫ్రేముకి ఉలి పట్టాల్సిన చేత్తో అది పట్టుకుని పొద్దస్తమానం బటన్లు నొక్కుతున్నాడు. నా గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. అందులో నా రేడియో ఉండేది. వీడు కింద టీవీ అతని దగ్గర పాత టీవీ ఒకటి అడిగి తెచ్చి, నా రేడియో పీకేసి, అందులో ఇవి తగిలించాడు. కాబట్టి గత్యంతరం లేక నేనూ ఆ ఆటలు చూస్తున్నాను. చూశాక నాకు తెలిసిందేంటంటే, మీ బాల్యమంతా మీరు చెత్త చూస్తూ గడిపారు.

కార్ల పందెం తీసుకో. నేను జీవితమంతా లారీ నడిపినవాణ్ణి, నాకు చూపించే ఆటేనా ఇది? కారు గోడకి గుద్దుకుంటుంది, ఒళ్లు దులుపుకుని మళ్లీ రోడ్డెక్కుతుంది. గోడకి గుద్దిన బండి ఎక్కడికీ పోదమ్మా. డ్రైవరు దిగాలి, జనం మూగాలి, ప్రతివాడూ తనకి డ్రైవింగు వచ్చన్నట్టు సలహా చెప్పాలి. ఆ బండికి హారన్ లేదు. వెనకెవడొస్తున్నాడో చూసుకునే అద్దం లేదు. డ్రైవరు టీకి ఆగడు, ఒంటికీ ఆగడు. పోనీ ఆ రోడ్డు ఎక్కడికైనా పోతుందా అంటే, తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. అలా వచ్చినవాడికి కప్పు ఇస్తారు. నేను లోడు వేసుకుని బయల్దేరిన గోడౌనుకే తిరిగొచ్చి ఉంటే మా ఓనరు ఏమిచ్చి ఉండేవాడో నీకు ఉత్తరంలో రాయలేను.

ఇంకోటి దూకే ఆట. ఒక ముంగిస. టోపీ ఉంది, చెప్పుల్లేవు. దాని పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయిందట, వెతుక్కుంటూ పోతోందట. పిల్లలు పోయిన తల్లి దారి పొడుగునా కనబడిన ప్రతి పండూ ఏరుకుంటూ పోతుందా? పైగా గోతిలో పడి చచ్చిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ అదే గోతిలో పడుతుంది. అంత బుద్ధిలేని జంతువు చేతిలో పెరగడం కన్నా ఆ పిల్లలు గద్ద దగ్గరే బాగుపడతారు.

నేను మాత్రం ఆ రిమోటు ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా. నాకూ ఒక మర్యాద ఉంది.

నీ తాత,
రేడియో లేనివాడు

* * *

దొరసానీ,

టీవీ అతని చేత నోటిమాట పంపావు. నేను రాసినంత పొడుగు ఉత్తరానికి జవాబు ఇదా? అతను మా మెట్ల దగ్గర నిలబడి నీ గొంతు పెట్టి మరీ అప్పజెప్పాడు. "చిన్నప్పుడు రిమోట్‌కి వైరు తగిలించలేదని ఎవరైనా షాపు వదిలి పోతారా? వాడి అలక వాడే తీర్చుకుంటాడని చెప్పండి." అతను చెప్పింది నువ్వు చెప్పినట్టే ఉంది, చివర్లో నువ్వు ముక్కు ఎగబీల్చేది కూడా వదల్లేదు. మీ అమ్మ కూడా "ఇంత చిన్నదానికా" అని నవ్విందట.

మీరు నవ్వుకోండి. వాడి నోట నేను విన్నది రాస్తాను. అయితే ముందు మిగతా క్యాసెట్ల సంగతి చెప్పనీ, లేకపోతే నాకు అన్నం అరగదు.

సామాన్లు సర్దే ఆట ఒకటుంది. పైనుంచి చెక్క దిమ్మలు పడుతుంటాయి, కింద సందు లేకుండా పేర్చాలి. ఇది మన పనే కదా, లారీలో లోడు సర్దడమే కదా అని కాస్త ముందుకు జరిగి కూర్చున్నాను. చక్కగా ఒక వరస నిండగానే ఆ వరస మాయమైపోయింది. సరుకేదిరా అంటే "అదే తాతా ఆట, సరిగ్గా సర్దితే పోతుంది" అన్నాడు. సరిగ్గా సర్దిన సరుకు మాయమవుతుంది, తప్పుగా సర్దింది నెత్తి మీదికి పేరుకుంటుంది. అలాంటి లారీకి క్లీనరుగా కూడా నేను పోను.

ఊళ్లు తిరిగే ఆట ఇంకోటి. కత్తి పట్టుకున్న ఒక కుర్రాడు, లోకాన్ని రక్షిస్తాడట. రక్షించేదేమీ కనబడలేదు గానీ, కనబడిన ప్రతి ఇంట్లోకీ తలుపు కొట్టకుండా దూరిపోయి కుండలు వెతుకుతాడు, పెట్టెలు తీస్తాడు, దొరికింది జేబులో వేసుకుంటాడు. ఇంటివాడు ఎదురుగా నిలబడి ఊరుకుంటాడు. పలకరిస్తే ఒకటే మాట చెబుతాడు, ఎన్నిసార్లు పలకరించినా అదే మాట. మీ అమ్మని చూసి రాసినట్టున్నారు. మధ్యలో రాక్షసులొస్తే యుద్ధం. అది కూడా వరసలో, ఆసుపత్రిలో టోకెన్ల లాగ. నువ్వు కొట్టు, తర్వాత నేను కొడతాను, తర్వాత మందు తాగుదాం. యుద్ధం మధ్యలో నాకు కునుకు పట్టింది. లేచేసరికి ఇంకా అదే రాక్షసుడు, తన టోకెను కోసం ఎదురుచూస్తున్నాడు.

చేపలు పట్టే ఆట కూడా ఉంది. దాని గురించి ఏమీ రాయను. ఉత్తగా కూర్చోవడానికి కూడా కరెంటు కాల్చేవాళ్లతో నాకు మాటలు లేవు.

ఇక వాడి సంగతి. కార్ల పందెం ఆడుతూ ఆడుతూ వాడే మొదలుపెట్టాడు.

"తాతా, ఆ పసుప్పచ్చ కారు చూశావా?"

"చూశాను. చివర్లో ఏడుస్తూ వస్తోంది."

"చిన్నప్పుడు అక్క నాకు రెండో రిమోటు ఇచ్చి, నీది ఆ పసుప్పచ్చ కారు అనేది. నేను దాన్నే చూస్తూ నొక్కేవాణ్ణి. అది ఎప్పుడూ చివరే వచ్చేది."

"నీ రిమోట్‌కి వైరు తగిలించలేదని తెలియలేదా? నువ్వు తిప్పినట్టు తిరిగేది కాదు కదరా?"

"అప్పుడప్పుడు తిరిగేది తాతా. నేను ఎడమకి నొక్కినప్పుడు అదీ ఎడమకి తిరిగితే, అదిగో నేనే తిప్పాను అనుకునేవాణ్ణి. తిరక్కపోతే నాకు చేతకాదు అనుకునేవాణ్ణి."

"అది చిన్నపిల్లల అల్లరి. మీ అక్కకి మాత్రం అప్పుడు ఎంత వయసురా?"

"ఆట గురించి కాదు తాతా." అని రిమోటు కింద పెట్టాడు. ఆ కాలేజీ హాలుకి ఫ్రేముల ఆర్డరు వచ్చినప్పుడు ఏ కర్ర వాడదాం అని నువ్వు వాణ్ణి అడిగావట. వాడు మధ్యాహ్నమంతా కర్ర ముక్కలు ముందేసుకుని, సన్న కర్ర అంత పెద్ద అద్దాన్ని మొయ్యలేదు, కొన్నాళ్లకి వంగిపోతుంది, ఇది వాడదాం అని నీకు విడమరిచి చెప్పాడట. నువ్వు తల ఊపుతూ విన్నావట. సాయంత్రం వెనకగదిలోకి పోయి చూస్తే సన్న కర్ర అప్పటికే వచ్చి గోడకి ఆనించి ఉందట. నువ్వు అడగక ముందే ఆర్డరు పెట్టేసి ఉన్నావు. వాడు మొహం మాడ్చుకుంటే, నవ్వించాలనుకున్నావో ఏమో, అటక మీంచి ఈ అట్టపెట్టె దింపి, గిరాకీల ముందు ఆ వైరు కథ చెప్పావు. "పాపం, ఏళ్ల తరబడి ఉత్త రిమోటు నొక్కాడు" అని. అందరూ నవ్వారట.

"అక్క నన్ను అన్నీ అడుగుతుంది తాతా. ఎప్పుడూ అడుగుతుంది. నేను నొక్కుతూనే ఉన్నాను. అది దేనికీ తగిలి లేదు."

నేను ఏదో ఒక వెక్కిరింత వెతుక్కున్నాను. దొరకలేదు. నాకు వెక్కిరింత దొరక్కపోవడం నీకు తెలిసి ఎప్పుడైనా జరిగిందా? టీ పెడతానని లేచి వెళ్లాను.

నీ తాత,
టీ మాడ్చినవాడు

* * *

దొరసానీ,

ఈసారి ఉత్తరం నువ్వే స్వయంగా రాశావు. సంతోషం. అక్షరాలు కూడా నీలాగే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. "నాన్న పోయాక షాపు మునిగిపోకుండా ఎవరో ఒకరు నిర్ణయాలు తీసుకోవాలి కదా తాతయ్యా" అన్నావు. తీసుకున్నావు. మునిగిపోలేదు. అది నేను కాదనను. నాకు తెలిసిన లారీ డ్రైవర్లలో పక్కవాడికి స్టీరింగ్ ఇవ్వనివాడు ఎప్పుడూ బండి బోల్తా కొట్టించలేదు. వాడి పక్కన క్లీనరు కూడా ఎప్పుడూ నిలవలేదు.

నీకు తెలియని కబురు ఇంకోటి. బుడ్డోడికి వేరే ఊళ్లో తలుపులు చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. నెలాఖరుకి వెళ్లిపోతాడు. అక్కడ కర్ర ఎవరు ఎంచుతారు అని అడిగాను. "మిషను" అన్నాడు. కోత ఎవరు కోస్తారు? "మిషను." మరి నువ్వేం చేస్తావురా? "బటన్ నొక్కుతాను తాతా. దానికి వైరు ఉంటుంది." అలా అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాడు పోతే నీ షాపులో మూలలు కలిసే ఫ్రేము చేసేవాడు ఇంకొకడు దొరుకుతాడు. నీ తమ్ముడు దొరకడు. అంతకు మించి నేను చెప్పను, చెబితే పెద్దమనిషినని నువ్వు అనుకునే ప్రమాదం ఉంది.

నీ ఉత్తరం చివర ఒక ముక్క రాశావు, "ఇప్పటికైనా నిజంగా వైరు తగిలించి ఆడినా వాడు నన్ను గెలవలేడు" అని. వేళాకోళానికే రాసి ఉంటావు. నేను వాడికి చదివి వినిపించాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "రమ్మను తాతా" అన్నాడు. అందుకని ఈ ఆదివారం మా గదికి రా. చొక్కాల్లేని మగాళ్లు కొట్టుకునే ఆట ఒకటుంది, అది మీ ఇద్దరూ ఆడాలి. నువ్వు గెలిస్తే వాడు షాపుకి తిరిగొస్తాడు. వాడు గెలిస్తే ఫ్యాక్టరీకి పోతాడు, నువ్వు కిక్కురుమనకుండా బస్సెక్కించాలి. వాడు ఒప్పుకున్నాడు. ఒక జీవితం ఇలాంటి దిక్కుమాలిన ఆట మీద పెట్టడం ఏంటి తాతయ్యా అంటావేమో. మీరిద్దరూ మనుషుల్లా మాట్లాడుకుంటే నేను ఈ బాధ పడేవాణ్ణా?

ఆ ఆట కూడా చూశానులే. ఇద్దరు మగాళ్లు, ఒకడిది ఎర్ర లాగు, ఒకడిది నీలం లాగు. పరిచయం లేదు, పాత తగువు లేదు, కనబడగానే తన్నుకోవడమే. పైన ఒక గీత ఉంటుంది, దెబ్బ తగిలినకొద్దీ తగ్గుతుంది. ఓడినవాడు వెల్లకిలా పడుకుంటాడు. గెలిచినవాడు కండలు చూపించి నవ్వుతాడు. వెంటనే మళ్లీ ఇద్దరూ ఏమీ జరగనట్టు మొదలుపెడతారు. ఆ ఒక్క విషయంలో మాత్రం మీ ఇద్దరికన్నా వాళ్లు నయం.

అక్షరాలు వంకరగా ఉన్నాయంటే కుడి బొటనవేలు నొప్పిగా ఉంది. కిటికీ గొళ్లెం తగిలింది. దాని గురించి అడక్కు.

నీ తాత,
ఆదివారం టీ పెట్టేవాడు

* * *

మా దొరసానికి,

విజయోత్సవం అయిపోయిందా? టీవీ అతను చెప్పాడు, షాపులో గిరాకీలందరికీ చెబుతున్నావట, తమ్ముణ్ణి ఆటలో ఓడించి వెనక్కి తెచ్చుకున్నానని. చెప్పుకో. సోమవారం వస్తాడు. వచ్చేముందు నువ్వు ఈ ఉత్తరం ఒంటరిగా, కూర్చుని చదువు. నిలబడి చదివితే నన్ను కొట్టడానికి అట్నుంచి అటే బయల్దేరతావు.

ఆదివారం నువ్వు వచ్చేసరికి నేను అన్నీ సిద్ధం చేసి పెట్టాను. ఎవరి కాలికీ తగలకుండా వైర్లన్నీ చాప కింద నుంచి పోనిచ్చాను. మీ ఇద్దరికీ ముందు చాప, వెనక నా కుర్చీ. చలిగా ఉందని దుప్పటి కప్పుకున్నాను. "ఈ ఎండలో చలేంటి తాతయ్యా" అన్నావు. ముసలితనం అన్నాను. వెంటనే నమ్మావు. ముసలితనం అంటే మీ వయసువాళ్లు ఏదైనా నమ్ముతారు.

నువ్వు ఎప్పటిలాగే మొదటి రిమోటు తీసుకున్నావు. కూర్చోబోయి ఆగావు. రెండోది తమ్ముడి చేతికిచ్చి, మోకాళ్ల మీద వంగి, వాడి వైపు చాప ఎత్తి, వాడి వైరుని వేలితో పట్టుకుంటూ పెట్టె దాకా వెళ్లావు. నేను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. ప్లగ్గుని ఒకసారి లాగి చూసి, మళ్లీ గట్టిగా నొక్కి, "ఇదిగో, తగిలే ఉంది. చూసుకో. తర్వాత నా మీద పడొద్దు" అన్నావు. వాడు నీ వేలినే చూస్తూ ఉన్నాడు.

తర్వాత నువ్వు చేసిన గోల కింద టీవీ అతని దాకా వినబడిందట. నీ ఎర్ర లాగు వాడు ఒకటే పని చేశాడు, కూర్చోవడం, లేచి తన్నడం, మళ్లీ కూర్చోవడం. "ఈ బటన్లు పాతబడి పట్టేస్తున్నాయి" అన్నావు దెబ్బ తగిలినప్పుడల్లా. నీ దెబ్బ వాడికి తగిలినప్పుడు మాత్రం "చూశారా, నా చెయ్యి ఏమీ మరిచిపోలేదు" అన్నావు. ఎంత బాగా వచ్చింది నీకు ఆ లెక్క. తగిలితే నీ ప్రతాపం, తగలకపోతే బటన్ల తప్పు.

మధ్యలో ఒకసారి బుడ్డోడు మంచినీళ్ల కోసం వెనక్కి తిరిగాడు గుర్తుందా? తిరిగి, నా దుప్పటి వైపు చూసి, గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏంట్రా, భయపడుతున్నావా, రా" అని నువ్వు అరిచావు. వాడు పెదవులు బిగించుకుని మళ్లీ ముందుకు తిరిగాడు. ఆ తర్వాత వాడేమీ వదిలిపెట్టి ఆడలేదు, అది నీకు ఒట్టేసి చెబుతాను. నిజంగా ఆడాడు. నిజంగానే ఓడిపోయాడు. చివరి తన్నుకి నీలం లాగు వాడు వెల్లకిలా పడగానే నువ్వు ఎగిరి గంతేసి, ఉన్నట్టుండి కూలబడి, రిమోటు ఒళ్లో పెట్టుకుని, "రేయ్, వచ్చేయ్‌రా. నాకు ఆ షాపులో ఒక్కదానికి ఏమీ తోచట్లేదు" అన్నావు. ఇన్ని ఉత్తరాల్లో, ఇన్ని కబుర్లలో నువ్వు ఆ ఒక్క మాట రాయలేదు. వాడు "సరే" అన్నాడు.

నువ్వు మెట్లు దిగి వెళ్లాక వాడు తలుపు వేసి, నేల మీద పడి దొర్లి నవ్వాడు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఈ గదికి వచ్చాక వాడు అలా నవ్వడం అదే మొదలు.

నేను అడిగాను, "తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నావురా? లేచి గొడవ చెయ్యొచ్చు కదా?"

మొహం తుడుచుకుని అన్నాడు, "నా వైరు చూసింది తాతా. తన వైరు చూసుకోలేదు."

చాప చుడుతూ మళ్లీ అన్నాడు, "ఎంత సంతోషంగా నొక్కిందో చూశావా? చిన్నప్పుడు నేనూ అలాగే ఉండేవాణ్ణేమో."

కాబట్టి, అమ్మా, నువ్వు గెలిచావని వాడు రావడం లేదు. రావాలనిపించి వస్తున్నాడు. ఫ్యాక్టరీకి రానని ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. ఒకటే అడిగాడు. కాలేజీ హాలు ఫ్రేములకి కర్ర వాడు ఎంచుతాడు. ఆ సన్న కర్ర వెనక్కి పంపుతావో, చిన్న ఫోటోలకి వాడుకుంటావో నీ ఇష్టం. వాడు చెబుతున్నప్పుడు తల ఊపుతూ వినొద్దు. విని, వాడి ఎదురుగానే ఆర్డరు పెట్టు. దాని ఫలితం మంచో చెడో వాణ్ణి చూడనీ. చివర్లో వచ్చినా సరే, ఆ పసుప్పచ్చ కారు వాణ్ణే తోలనీ.

ఇక నువ్వు చూసుకోనిది ఏంటో చెప్పాలి. కూర్చునే ఉన్నావు కదా?

కింద టీవీ అతని దగ్గర పాత రిమోటు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. బుడ్డోడు ఫ్యాక్టరీ పనుల మీద బయటికి పోయినప్పుడల్లా, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ దిక్కుమాలిన ఆట సాధన చేశాను. బొటనవేలికి తగిలింది కిటికీ గొళ్లెం కాదు. ఎంత సాధన చేసినా నాకు వచ్చినవి రెండే, కూర్చోవడం, లేచి తన్నడం. ఆదివారం మొదటి ప్లగ్గులో ఉన్నది ఆ మూడో రిమోటు. అది నా దుప్పటి కింద, నా రెండు చేతుల్లో ఉంది. నీ రిమోటు వైరు చాప కింద నుంచి వచ్చి, నా కుర్చీ దిండు కింద ఆగిపోయింది. దాని కొన మీద ఆట అయ్యేదాకా నేనే కూర్చున్నాను.

ఇట్లు,
ఎర్ర లాగు వాడు,
నీ తాత